పండుగ ఎవరిదైనా సెలవు అందరిదీ

డిసెంబరు నెల దగ్గర పడుతున్నదంటే మన సంఘం వారి ఇళ్ళలో ఒకటే ప్రశ్న వినబడుతుంది. వెనుకటి రోజుల్లో అయితే, "ఈ యేడు అరిసెలకు ఎన్ని శేర్ల బియ్యం నానబోస్తున్నారు?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళం. ఇప్పుడు, "పిల్లలు వస్తున్నారా, లేక మీరే వెళ్తున్నారా?" అని అడుగుతున్నాం. పిల్లలంటే పసివాళ్ళు కారు. నలభై దాటి, తలలో నాలుగు తెల్ల వెంట్రుకలు కనబడుతున్నవాళ్ళే. ఒకరు లండనులో, ఒకరు టొరంటోలో, ఒకరు సిడ్నీలో వుంటారు. ఇంటిల్లిపాదికీ ఒకేసారి తీరిక దొరికేది క్రిస్మస్ సెలవుల్లోనే గనుక, రాకపోకలన్నీ ఆ పది పదిహేను రోజుల్లోనే ఇరుక్కుంటాయి.

ఈ నెల ఆ సెలవుల సంగతే నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాం. చెప్పబోయేది మా ఇంటి కథే. అందులో తప్పు కూడా మాదే గనుక ఎవరినీ నొప్పిస్తామన్న భయం లేదు.

మా తాతగారి నాటినుంచి మా కాపురం చెన్నపట్నంలోనే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వేరుపడినప్పుడు మా చుట్టాల్లో కొందరు కర్నూలుకూ గుంటూరుకూ మూటలు కట్టారు. మా తాతగారు కదల్లేదు. కదలకపోయినా పండుగలు మాత్రం వదల్లేదు. తమిళుల పొంగలూ మన సంక్రాంతీ ఒకే రోజున వస్తాయి. అందుచేత మాకు సెలవుకు ఎన్నడూ లోటు రాలేదు. సెలవూ పండుగా రెండూ ఒకటే అనుకుని పెరిగాం. ఆ అలవాటే మాకు ముప్పు తెచ్చింది.

మా అబ్బాయి 2009లో ఉద్యోగం మీద లండను వెళ్ళాడు. అక్కడ జనవరి నడిమికి బడులు తెరిచే వుంటాయి, కచేరీలు మామూలుగా నడుస్తూనే వుంటాయి. సంక్రాంతికి సెలవు కావాలంటే ఎవరిస్తారు? 2019లో వాడు ఫోను చేసి, "నాన్నా, క్రిస్మస్‌కు పాప బడికి రెండు వారాలు సెలవు. అప్పుడు వస్తాం. సంక్రాంతి దాకా వుండటం కుదరదు" అన్నాడు. మేము వెనకాముందూ చూడకుండా, "సంక్రాంతికి రాలేనివాడు ఎప్పుడు వస్తేనేం, రాకపోతేనేం?" అనేశాం. అవతల కొంతసేపు మాట లేదు. తరువాత, "సరే నాన్నా" అని పెట్టేశాడు.

మా అమ్మగారు అప్పుడు పక్కగదిలో కూర్చుని వున్నారు. ఎనభై ఆరేళ్ళ మనిషి. చెవులు మాత్రం బాగానే వినబడేవి. "ఒరేయ్, వాడు ఏ రోజున గుమ్మం ఎక్కితే ఆ రోజే నాకు సంక్రాంతి. పంచాంగం నువ్వు చూసుకో" అన్నారు. మేము నవ్వి వూరుకున్నాం. ఆ యేడు వాడు రాలేదు.

మరుసటి సంవత్సరం వాడే పట్టుబట్టి టిక్కెట్లు కొన్నాడు. కరోనా రోజులు. పరీక్షలు, పత్రాలు అన్నీ సిద్ధం చేసుకున్నాడు. 2020 డిసెంబరు 23న బయలుదేరవలసింది. మా అమ్మగారు దగ్గర కూర్చుని మినపసున్ని విసిరించి సున్నుండలు చేయించారు. ఇంతలో ఇంగ్లండులో కొత్త రకం కరోనా ప్రబలిందని, 22వ తేదీ అర్ధరాత్రి నుంచి బ్రిటనునుంచి వచ్చే విమానాలను మన ప్రభుత్వం ఆపివేసింది. మొదట నెలాఖరు దాకా అన్నారు. తరువాత జనవరి 7 దాకా పొడిగించారు. అప్పటికి పాప బడి మొదలైంది. ఒక్క రోజు తేడాలో ప్రయాణం పోయింది. సున్నుండలు మా వీధి పిల్లలు తిన్నారు.

మా అమ్మగారు 2021 ఆషాఢంలో కాలం చేశారు. మనవడినీ మునిమనవరాలినీ టెలిఫోను తెర మీద చూశారేగాని దగ్గర కూర్చోబెట్టుకోలేదు. 2020లో జరిగినదానికి ఎవరినీ అనడానికి లేదు. 2019లో మాత్రం విమానాలు నడిచాయి. ఆ యేడు వాడి దారికి అడ్డం పడ్డది మా మాటే. ఇది రాయడం సులువు కాదు. అయినా మన ఇళ్ళలో ఇలాంటి మాటలు ఇంకా వినబడుతున్నవి గనుక రాస్తున్నాం.

2023లో మేమిద్దరమే బయలుదేరాం. "ఈసారి మీరు రండి నాన్నా, పాప తన బడి, తన ఊరు మీకు చూపిస్తానంటున్నది" అన్నాడు. పది పదకొండు గంటల విమానం. పాలతో చేసిన పదార్థాలు ఆ దేశంలోకి తీసుకురానివ్వరని ముందే చెప్పాడు. అందుచేత నేతి సీసా, కోవా బిళ్ళలు ఇంట్లోనే వదిలి, కందిపొడి, చింతకాయ తొక్కు, అప్పడాలతో సరిపెట్టుకున్నాం.

లండనులో డిసెంబరు నెలాఖరున ఉదయం ఎనిమిది దాటితేగాని సూర్యుడు కనబడడు. సాయంత్రం నాలుగు కాకముందే మునిగిపోతాడు. మా ఆవిడకు మధ్యాహ్నం కాఫీ వేళ, దీపం పెట్టే వేళ ఒకటైపోయినవి. మా మనవరాలు మమ్మల్ని ట్రఫాల్గర్ స్క్వేరుకు తీసుకువెళ్ళి, అక్కడ నిలిపిన పెద్ద దేవదారు జాతి చెట్టును చూపించింది. ఆ చెట్టు లండనులో పెరిగినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటను చేసిన సాయానికి కృతజ్ఞతగా 1947 నుంచి నార్వే దేశంలోని ఓస్లో నగరం వారు ప్రతియేటా ఒక చెట్టు కొట్టి పంపుతున్నారట. అంత పెద్ద పట్నం పండుగ చెట్టు కూడా పొరుగుదేశంనుంచే రావాలన్నమాట.

24వ తేదీ మధ్యాహ్నం నుంచి అంగళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 25న రైళ్ళు లేవు, భూగర్భ రైళ్ళు లేవు, బస్సులు లేవు. పెద్ద అంగళ్ళు ఆ రోజున తెరవనే కూడదని 2004లో చట్టమే చేశారు. మేము చెన్నపట్నంలో ఎన్నో బందులు చూశాంగాని అంత నిశ్శబ్దం ఎన్నడూ చూడలేదు. ఊరంతా ఎవరి ఇంట్లో వారు కూర్చుని వుంటే, బయట చలికి చెట్లు మాత్రం నిలబడి వున్నవి.

ఆ రోజునే మా ఆవిడకు చిక్కు వచ్చింది. ముందురాత్రి తోడుపెట్టిన పాలు చలికి తోడుకోలేదు. పెరుగు లేనిదే మా భోజనం ముగియదు. కొందామంటే ఏ అంగడీ లేదు. కోడలు చొరవ చేసి పక్కింటి తలుపు తట్టింది. ఆ ఇంట్లో ఎనభై యేళ్ళ పెద్దావిడ ఒక్కతే వుంటుంది. భర్త పోయి చాలా కాలమైంది. ఆవిడ తన అలమారలోనుంచి ఒక గిన్నెడు పెరుగు తీసి ఇచ్చింది. కోడలు వట్టి చేతులతో రావడం ఇష్టంలేక, "మధ్యాహ్నం మా ఇంట్లో భోజనానికి రండి" అని పిలిచింది. ఆవిడ వెంటనే వస్తానన్నది.

పన్నెండున్నరకు చక్కగా ముస్తాబై, ఎండు ద్రాక్ష కూరిన చిన్న తీపి కచ్చికల్లాంటివి పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. మిన్స్ పై అంటారట. పేరులో మాంసం ధ్వనించినా ఇప్పుడు చేసేవి ఎండు పళ్ళతోనేనని మనవరాలు మాకు ధైర్యం చెప్పింది. పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నది. చింతకాయ తొక్కు మాత్రం నాలుకకు తగిలించి మంచినీళ్ళు అడిగింది. మూడు గంటలకు రాజుగారి ప్రసంగం చూడాలన్నది. టెలివిజను ముందు అందరం కూర్చున్నాం. ఆ ప్రసంగం 1932లో అయిదవ జార్జి రేడియోలో మొదలుపెట్టారు. సముద్రాల ఆవల వున్నవారికి కూడా ఇంటి మాట చేరాలని చేసిన ఏర్పాటు అది.

ప్రసంగం అయిన తరువాత, "మీ పిల్లలెక్కడ?" అని మా ఆవిడ అడిగింది. మనవరాలు ఇంగ్లీషులోకి మార్చింది. "ఒక్కడే కొడుకు, సిడ్నీలో వున్నాడు. పొద్దున్న తొమ్మిదింటికి ఫోను చేశాడు. అక్కడ అప్పుడు రాత్రి ఎనిమిది. వాళ్ళ క్రిస్మస్ అయిపోయింది, నాది ఇంకా మొదలే కాలేదు" అన్నది. ఈ రోజుల్లో టిక్కెట్ల ధర మండిపోతుంది గనుక వాళ్ళు ఏప్రిల్‌లో వస్తారట. "మరి పండుగో?" అన్నాం మేము.

ఆవిడ మమ్మల్ని వింతగా చూసింది. "వాళ్ళు వచ్చిన రోజున చేస్తాను. అటక మీదనుంచి చెట్టు దింపి, దీపాలు వేసి, టర్కీ కోడి వండుతాను. ఏప్రిల్‌లో ఇదేమిటని వీధిలోవాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను పుట్టింది స్కాట్లండులో. నా చిన్నతనంలో క్రిస్మస్ నాడు మా నాన్న మామూలుగా పనికి వెళ్ళేవాడు. అక్కడ ఆ రోజుకు సెలవు వచ్చిందే 1958లో. అప్పటిదాకా మేము పండుగ చేసుకోలేదనా?" అన్నది.

మా ఆవిడ మా వైపు చూసింది. మా అమ్మగారి మాటే మళ్ళీ ఇంగ్లీషులో విన్నట్టయింది. మా అబ్బాయి ఏమీ ఎరగనట్టు పళ్ళేలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాడు.

ఆ రాత్రి అందరూ పడుకున్న తరువాత వాడితో, "2019లో ఆ మాట అనకుండా వుండవలసింది" అన్నాం. "ఏ మాట నాన్నా? నాకు జ్ఞాపకం లేదు" అన్నాడు. జ్ఞాపకం వున్నదని వాడికీ తెలుసు, మాకూ తెలుసు.

అక్కడే మరొక సంగతి మాకు బోధపడింది. ఒకనాడు మా ఆవిడ గుమ్మం ముందు ముగ్గు వేయబోయింది. వానతుంపరకు పిండి నిలవలేదు. మనవరాలు సుద్దముక్కలు తెచ్చి, పంచ కింద పొడి చోటు చూపించి, "నాయనమ్మా, సంక్రాంతి ఇంకా రాలేదుగా, ఇప్పుడే ముగ్గెందుకు?" అన్నది. "ఇది ధనుర్మాసం తల్లీ. నెలగంట పెట్టిన నాటినుంచి భోగి దాకా రోజూ ముగ్గే" అని మా ఆవిడ చెప్పింది. అప్పుడు లెక్క వేసుకున్నాం. ధనుర్మాసం డిసెంబరు 16 ప్రాంతాల మొదలై జనవరి 13 లేక 14 దాకా వుంటుంది. క్రిస్మస్ సెలవులు మొదటినుంచి చివరి దాకా సరిగ్గా అందులోనే పడుతున్నవి. ఆ యేడు ముక్కోటి ఏకాదశి కూడా డిసెంబరు 23నే వచ్చింది. తెల్లవారుజాము తిరుప్పావై, పొంగలి ప్రసాదం, ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు పాట ఇవన్నీ ఈ నెలవే గదా! సంక్రాంతి మూడు రోజులు. దాని ముందు నెల రోజుల సంబరం వున్నది. పిల్లలు ఆ నెలలోనే వస్తామంటుంటే, చివరి మూడు రోజుల కోసం మొండికేసి మిగిలినదంతా పోగొట్టుకున్నాం. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే రోజును మనం జరపలేం, జరపనక్కరా లేదు. అది వచ్చిన నాడు మనమే చేసుకోవచ్చు. పిల్లలతో చేసుకోవలసింది ముందే చేసుకోవచ్చు.

ఇతరుల సెలవును మన పనికి వాడుకోవడం మనవాళ్ళకు కొత్త కాదు. కాంగ్రెసు మహాసభ మొట్టమొదట బొంబాయిలో జరిగింది 1885 డిసెంబరు 28న. ఆ తరువాత చాలా యేళ్ళు క్రిస్మస్ వారంలోనే జరుపుతూ వచ్చారు. వకీళ్ళకూ ఉపాధ్యాయులకూ తీరిక దొరికేది అప్పుడే. 1927 డిసెంబరులో ఆ సభ చెన్నపట్నంలో జరిగినప్పుడే సంగీత సభ కూడా పెట్టారు. దాని ఫలితంగా 1928లో మద్రాసు సంగీత అకాడమీ వెలిసింది. ఈనాటికీ డిసెంబరులో చెన్నపట్నమంతా పాటలే. త్యాగరాజస్వామివారి తెలుగు కృతులు వినడానికి సముద్రాలు దాటి వస్తున్నారు. విదేశాల్లో పుట్టిన మన మనవలు తెలుగు మాట అంత స్పష్టంగా, అంతసేపు వినే చోటు మరొకటి ఈ పట్నంలో ఏదీ?

దూరాన కాపురాలు పెట్టిన మన కుటుంబాలకు ఈ సర్దుబాటు ఎప్పటినుంచో వున్నదే. బరంపురంలోని మా చుట్టాలు దసరా సెలవులకు కలుసుకుంటారు. బొంబాయిలోనివారు వినాయక చవితికి కలుసుకుంటారు. ఏ ఊళ్ళో వున్నామో ఆ ఊరి సెలవే మన సెలవు. మన సంఘంలోని క్రైస్తవ కుటుంబాలకు మాత్రం ఇది సెలవూ సొంత పండుగా కూడా. నెల మొదట్లోనే గుమ్మానికి కాగితపు నక్షత్రం కట్టి, పిల్లలకు కొత్త బట్టలు కుట్టించి, రాత్రి ఆరాధనకు వెళ్ళివచ్చి, పొద్దున్నే ఇరుగుపొరుగుకు కేకు పంచిపెట్టేవారు మన వీధిలోనే వున్నారు. ఒక మిత్రుడు అన్నాడు: "మీరు సంక్రాంతికి కొడుకు రాలేదంటారు. మావాడికి పండుగ నాడే సెలవు వున్నది, అయినా రాలేకపోయాడు. మాకు చెప్పుకోవడానికి సాకు కూడా లేదు." ఆ మాట విని మేము నోరు మూసుకున్నాం. పిల్లల దూరం అందరికీ ఒకటే.

అనుభవం మీద నాలుగు సంగతులు చెప్పి ముగిస్తాం.

పిల్లలు వచ్చేదీ లేనిదీ వినాయక చవితి నాటికే తేల్చుకోండి. ఆలస్యమైనకొద్దీ టిక్కెట్ల ధర పెరుగుతుంది, దానితోపాటు ఇరువైపులా విసుగూ పెరుగుతుంది.

ఇంగ్లండు వెళ్ళేవారు ప్రయాణ భీమా లేకుండా కదలకండి. చూడవచ్చినవారు అక్కడి ఆస్పత్రిలో చేరవలసి వస్తే ఖర్చు తామే పెట్టుకోవాలి. మందులు, వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో వుంచుకోండి. పాలు, పెరుగు, కూరలు 23వ తేదీకే ఇంట్లో చేరాలి. తోడుపెట్టిన గిన్నెకు తువ్వాలు చుట్టి వెచ్చని చోట వుంచండి. లేకపోతే పక్కింటి తలుపు తట్టండి. అదీ మంచిదే.

అక్కడ వున్నన్నాళ్ళూ కోడలి చేత రోజూ వంట చేయించకండి. ఆ సెలవు ఆ పిల్లకు కూడా సెలవే.

పిల్లలు ఇక్కడికి వస్తే ఆ పదిహేను రోజులూ మనవేనని లెక్క కట్టకండి. మా కోడలి తల్లిదండ్రులు హైదరాబాదులో వున్నారు. వారికీ ఆ పదిహేను రోజులే. వాళ్ళు ఎన్ని రోజులు ఎక్కడ వుంటారని మేము వేళ్ళు మడిచిన సందర్భాలు వున్నవి. ఇప్పుడు సగం రోజులు వారివని మేమే ముందుగా చెబుతున్నాం. అలా చెప్పినప్పటినుంచి ఆ రోజుల్లో కొన్నింటికి వియ్యంకులే చెన్నపట్నం వస్తామంటున్నారు.

ఈ యేడు మా అబ్బాయివాళ్ళు డిసెంబరు 20న వస్తున్నారు. అరిసెల బియ్యం ఎప్పుడు నానబోయాలని మా ఆవిడ నిన్న అడిగింది. 19న పోయమన్నాం. "మరి సంక్రాంతికో?" అన్నది. అప్పుడు మనిద్దరికీ చాలినన్ని మళ్ళీ చేసుకుందామన్నాం. మా అమ్మగారి పటం దగ్గర మొదటి పళ్ళెం మాత్రం 21నే పెడతాం.

మీ ఇళ్ళలో ఈ సెలవులు ఎలా గడుస్తున్నవో రాసి పంపండి. స్థలం వున్నంతవరకు వచ్చే నెల ఈ పుటలోనే వేస్తాం.